'విష్ యు వర్ హియర్': సిడ్ బారెట్ కథ తెలియకపోయినా ఈ ఆల్బమ్ అంతే తాకుతుందా?

పాత_టేపు

మొన్న ఆదివారం మా మేనల్లుడు ఇంటికొచ్చాడు. వాడికి ఇరవై ఏళ్లు, గిటార్ నేర్చుకుంటున్నాడు. బ్రిటన్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ వాళ్ల 1975 నాటి 'విష్ యు వర్ హియర్' పెట్టి కూర్చోబెట్టాను. అయిదే అయిదు ట్రాకులు, 44 నిమిషాలు. లైటు తీసేసి, ఒక్క మాట లేకుండా చివరిదాకా విన్నాం. అయిపోయాక వాడు కాసేపు కదల్లేదు. ఇదే సమయం అనుకుని సిడ్ బారెట్ కథ ఎత్తుకున్నాను. రెండు ముక్కలు చెప్పానో లేదో, "వద్దు మామయ్యా, ఆపు. వింటుంటే నాకు ఒకరు గుర్తొచ్చారు. నువ్విప్పుడు వేరేవాళ్ల పేరు చెప్తే పాట వాళ్లదైపోతుంది" అన్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పాతికేళ్లుగా నేను సరిగ్గా దీనికి ఎదురు నమ్ముతూ వచ్చాను మరి.

తెలియనివాళ్ల కోసం కథ క్లుప్తంగా. బ్యాండ్‌కి ఆ పేరు పెట్టింది సిడ్. మొదట్లో పాటలు రాసిందీ, పాడిందీ ఎక్కువగా అతనే. 1967లో తొలి ఆల్బమ్ వచ్చేనాటికి అతనికి 21 ఏళ్లు. ఏడాది తిరక్కుండా మనిషి చేజారిపోయాడు. స్టేజి మీద గిటార్ పట్టుకుని వాయించకుండా నిలబడిపోయేవాడు. 1968లో అతన్ని వదిలేసి మిగతావాళ్లు ముందుకెళ్లారు, అతని చోటు డేవిడ్ గిల్మోర్‌ది అయింది. 1973లో వాళ్ల 'డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' ఆల్బమ్ ప్రపంచమంతా మోగిపోయింది. ఆ తర్వాత ఏం చెయ్యాలో పాలుపోని రోజుల్లో, ఎప్పుడో వదిలేసిన ఆ స్నేహితుడి మీద 'షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్' అనే పాట కట్టుకున్నారు. 1975 జూన్‌లో లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో ఈ ఆల్బమ్ పని నడుస్తుండగా గుండుతో, కనుబొమ్మలు కూడా గొరిగేసుకున్న ఒక లావుపాటి మనిషి వచ్చి కూర్చున్నాడు. ఎవరో స్టూడియో మనిషి అనుకున్నారు. అతనే సిడ్ అని తెలియడానికి చాలాసేపు పట్టింది.

గోడ మీద దండ వేసిన ఫోటో, దాని ముందు దీపం ఉంటాయి కదా. ఫోటోలో ఉన్నది ఎవరో తెలియకపోయినా దీపం అందంగానే ఉంటుంది. కానీ అది ఆ ఇంటివాళ్లు చూసే దీపం కాదు. కథ తెలియకుండా ఈ ఆల్బమ్ వినడం నాకు అలా అనిపిస్తుంది. మీ మాట చెప్పండి.

పన్నెండు_తీగలు

నేను మీ మేనల్లుడి పక్షం. కథ చిన్నదని అనను. కానీ ఈ ఆల్బమ్ బలం కథలో లేదు, మొదటి ఎనిమిది నిమిషాల్లో ఉంది.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి ట్రాక్ 'షైన్ ఆన్'ని మొదటినుంచి వినండి. దూరం నుంచి పొగమంచు కదిలొచ్చినట్టు ఒక మోత. వైన్ గ్లాసుల అంచు మీద తడివేలు తిప్పితే వచ్చే శబ్దం కూడా అందులో కలిసుంది. అంతకుముందు ఇంట్లో దొరికే సామాన్లు, రబ్బరు బ్యాండ్లలాంటి వాటితోనే ఒక ఆల్బమ్ చేద్దామని మొదలుపెట్టి వదిలేశారు, ఆ పనిలోంచి మిగిలిందది. దాని మీద రిచర్డ్ రైట్ కీబోర్డులు, ఆ పైన గిల్మోర్ గిటార్, ఎవరికీ తొందరలేదు. నాలుగో నిమిషం దగ్గరికొచ్చేసరికి అంతా సద్దుమణిగి నాలుగు స్వరాలు పడతాయి. బి ఫ్లాట్, ఎఫ్, జి, ఇ. తీగల్ని చేత్తో ఆపడు. ఒకదాని మీద ఒకటి మోగి గాల్లో కలిసిపోయేదాకా ఆగుతాడు. మళ్లీ అవే నాలుగు.

చిన్నప్పుడు మా నాయనమ్మ దగ్గర కొంచెం సంగీతం నేర్చుకున్నాను కాబట్టి నా చెవికి తోచింది చెప్తాను. జి మన షడ్జమం అనుకుంటే అవి గ, ని, స, ధ. నాలుగూ ఖరహరప్రియలో ఉండే స్వరాలే. పాట ఆ రాగమని అనడం లేదు, అలా తీసుకోవద్దు. ఎక్కడ ఆపాడో చూడమంటున్నాను. షడ్జమం దాకా వచ్చి, ఇల్లు చేరినట్టే చేరి, మళ్లీ గడప దాటి ధైవతం మీద నిలబడిపోయాడు. రావాల్సిన మనిషి వీధి మొగదాకా వచ్చి వెనక్కి తిరిగినట్టు. ఇది అర్థం కావడానికి సిడ్ ఎవరో తెలియనక్కర్లేదు.

పాడే గొంతు వినబడేసరికి ఎనిమిదిన్నర నిమిషాలు దాటిపోతాయి. మన కచేరీల్లో కీర్తనకు ముందు ఆలాపన ఇంకా ఎక్కువసేపు సాగినా ఎవరూ లేచిపోరు. సాహిత్యం అందుకునేలోపే మనసు తడిసిపోయి ఉంటుంది. ఇక్కడా అంతే.

ఇంకొక్క సంగతి. ఆ నాలుగు స్వరాలు సిడ్‌ని తలుచుకుంటూ పుట్టినవి కావు. గిల్మోర్ చేతికి అనుకోకుండా తగిలాయి. అవి విన్న రోజర్ వాటర్స్‌కి, అంటే బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయిస్తూ పాటలు రాసే అతనికి, సిడ్ మీద మాటలు వచ్చాయి. స్వరం ముందు, కథ వెనక. రాసినవాళ్లకే ఆ వరసలో వచ్చినప్పుడు వినేవాళ్లకి కథ ముందుండాలని ఎందుకు పట్టు?

కాజీపేట_ప్యాసింజర్

అన్నా, నేను సంగీతం చదువుకున్నోణ్ని కాదు. నాకు జరిగింది చెప్త.

వరంగల్‌ల హాస్టల్‌ల ఉన్నప్పుడు మా రూమ్మేట్ తాన ఈ క్యాసెట్ ఉండె. నాకు అప్పుడు ఇంగ్లీషు పాట అంటే రెండు మాటలు అర్థమైతే పది మాటలు పొయ్యేటివి. ఓ రాత్రి కరెంటు పోయింది. వాడు బ్యాటరీలేసి టేప్‌రికార్డర్ పెట్టిండు. రెండో సైడు. మొదటి పాట మంచి ఊపు మీద పోతాంది, చివరికొచ్చేసరికి ఒక్కసారిగ సప్పుడంతా గుంజుకపోయి చిన్నగయింది, చిన్న రేడియోలకెళ్లి ఒస్తున్నట్టు. తర్వాత ఎవరో స్టేషన్లు తిప్పుతున్నరు. గరగర, ఎవరియో మాటలు, ఏదో పెద్ద ఆర్కెస్ట్రా ఓ చెటాక్ సేపు, మళ్ల గరగర. అప్పుడు గిటార్ మొదలైంది, అది గూడ రేడియోల ఒస్తున్నట్టే సన్నగ.

మా బాపు సింగరేణిల చేసిండు. రాత్రి డ్యూటీ లేనినాడు మంచం మీద పండుకొని రేడియో గిట్లనే తిప్పేటోడు. పాట దొరికితే ఆపుతడు, పోతే మళ్ల తిప్పుతడు. నేను ఇంటర్‌ల ఉన్నప్పుడు పోయిండు. ఆ రేడియో మళ్ల ఎవ్వలు ముట్టలే.

ఆ గరగర ఇనంగనే నా గుండె ఆగినంత పనైంది. గా సన్న గిటార్ మీద ఇంకో గిటార్ కలుస్తది చూడు, అది సన్నగుండదు, పక్కనే కూసోని వాయిస్తున్నట్టు ఉంటది. ఎవరో దగ్గుతరు గూడ. రేడియోల ఉన్నోడు ఎక్కడో దూరం, వానితోని కలిసి వాయించేటోడు మన రూములనే. సిడ్ ఎవరో నాకు తెల్వది, పాటల మాటలు తెల్వయి. నేనైతే అంత చీకట్ల ఏడ్చిన.

కథ తెలిసింది ఐదారేండ్ల తర్వాత. తెలిసినంక పాట పెద్దగ గాలే, చిన్నగ గాలే. నాది నా తాన్నే ఉంది.

పన్నెండు_తీగలు

అన్నా, మీరు చెప్పిన ఆ ఆర్కెస్ట్రా ముక్క చైకోవ్‌స్కీ నాలుగో సింఫనీలోది. ఆ రేడియో గరగర గిల్మోర్ తన కారు రేడియోలోంచి రికార్డు చేసుకున్నది. నేను ఇరవై ఏళ్లుగా ఈ పాట వాయిస్తున్నాను. రేడియోతో కలిసి వాయిస్తున్న మనిషి అని అన్నారు చూడండి, ఇకనుంచి వాయించినప్పుడల్లా అదే కనబడుతుంది నాకు.

గోదారి_గట్టు

ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారనిపిస్తోంది. ఆల్బమ్ అంతా సిడ్ గురించే అన్నట్టు పాత_టేపు గారు రాశారు, పన్నెండు_తీగలు గారు దాన్ని అలాగే ఒప్పుకుని వాదిస్తున్నారు.

ముందు కాలక్రమం సరిచేసుకుందాం. సిడ్ స్టూడియోకి వచ్చాడు కాబట్టి పాట పుట్టింది అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అది కాదు. 1974లోనే 'షైన్ ఆన్' కచేరీల్లో వాయించేశారు. ఆ ఏడాది దాంతోపాటు ఇంకో రెండు కొత్త పెద్ద పాటలు కూడా వాయించేవారు. ఆ మూడూ కలిపి ఆల్బమ్ చేస్తే పనైపోయేది, గిల్మోర్‌కి అదే ఇష్టం. వాటర్స్ ఒప్పుకోలేదు. 'షైన్ ఆన్'ని రెండుగా కోసి, ఒక ముక్క ముందు, ఒక ముక్క చివర పెట్టి, మధ్యలో కొత్తగా మూడు పాటలు రాశాడు. పక్కన పెట్టిన ఆ రెండు పాటలూ పేర్లు మారి 1977లో 'యానిమల్స్'లోకి వెళ్లాయి.

కొత్తగా రాసిన మూడూ దేని గురించి? 'వెల్‌కమ్ టు ది మెషీన్', 'హావ్ ఎ సిగార్' రెండూ కుర్రాళ్లని మింగేసే సంగీత వ్యాపారం గురించి. రెండోదాంట్లో కంపెనీ మనిషి సిగార్ చేతికిచ్చి, పొగడ్తలు కురిపించి, ఇంతకీ మీలో పింక్ ఎవరని అడుగుతాడు. ఆ ప్రశ్న వాళ్లని నిజంగానే అడిగారు. పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అనే ఇద్దరు అమెరికన్ బ్లూస్ గాయకుల పేర్లు కలిపి సిడ్ పెట్టిన పేరది. తాను పేరు పెట్టిన బ్యాండ్‌లో అతనే లేడు, ఉన్నవాళ్లలో పింక్ ఎవరూ కాదు.

ఇక స్టూడియోలో ఉన్న నలుగురి సంగతి. అంత పెద్ద విజయం తర్వాత అలిసిపోయి ఉన్నారు, రోజుల తరబడి ఏ పనీ సాగేది కాదు. డ్రమ్మర్ నిక్ మేసన్ కాపురం అప్పటికే బీటలు వారుతోంది. ఒంట్లో ప్రాణం ఉండి గదిలో లేనివాళ్లు వాళ్లే. వాటర్స్‌కి పట్టుబడింది అది. సిడ్ ఒక్కడే కాదు, ఎవ్వరూ ఇక్కడ లేరు అన్నదే ఆల్బమ్.

అట్ట చూడండి. కాలిఫోర్నియాలోని బర్‌బ్యాంక్‌లో ఒక సినిమా స్టూడియో ఆవరణ, సూట్లలో ఇద్దరు చేతులు కలుపుతున్నారు, ఒకడు మండిపోతున్నాడు. ట్రిక్కు కాదు, రానీ రాండెల్ అనే స్టంట్‌మ్యాన్‌కి నిజంగానే నిప్పంటించి తీశారు. గాలి ఎదురు తిరిగి అతని మీసం కాలింది. అంత కష్టపడి తీసిన బొమ్మని నల్లటి ప్లాస్టిక్ కవర్లో చుట్టేసి అమ్మారు! కొన్నవాడికి పైన కనబడేది రెండు మర చేతులు కలిపిన స్టిక్కర్ ఒక్కటే. బొమ్మ చూడాలంటే కవరు చింపాలి. లేకపోవడం గురించి చేసిన ఆల్బమ్‌కి అట్ట కూడా లేకుండా చేశారు, అట్టలు రూపొందించే హిప్నోసిస్ సంస్థ వాళ్లు. ఇవాళ ఫోన్లో వినేవాళ్లకి ఆ చింపడం లేదు, అందుకు నాకు బాధగానే ఉంటుంది.

అందుకే అంటున్నాను, తెలియాల్సిన కథ ఉంది. అది సిడ్ కథ ఒక్కటే కాదు.

అడ్డ_ప్రశ్న

అందరూ భక్తితో మాట్లాడుతున్నారు కాబట్టి నాకు అడ్డొచ్చేది చెప్పి తీరాలి. ఈ ఆల్బమ్ రాగం నాకూ ఇష్టమే. కానీ యంత్రం మనుషుల్ని మింగేస్తుందని పాడుతున్నవాళ్లు ఆ యంత్రం మీద అందరికన్నా ఎత్తున కూర్చున్నవాళ్లు. అమెరికాలో కొత్త కంపెనీ కొలంబియాకి మారి ఈ ఆల్బమ్ ఇచ్చారు, బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ నంబర్ వన్ అయింది. 1968లో ఒక రోజు కచేరీకి వెళ్తూ దారిలో సిడ్‌ని కారెక్కించుకోకుండా వెళ్లిపోయామని వాళ్లే చెప్పుకున్నారు. అలా వదిలేసినవాడి మీద ఏడేళ్లకి 26 నిమిషాల పాట. వినేవాళ్లకి కన్నీళ్లు, వాళ్లకి మేడలు. కథ తెలియకముందు నాకు ఈ ఆల్బమ్ మీద మచ్చ లేదు. తెలిశాకే చేదు. ఆ లెక్కన ఆ మేనల్లుడు అదృష్టవంతుడు.

పన్నెండు_తీగలు

వదిలేయడం గురించి మీరన్నదాన్ని కాదనను. కానీ వాళ్లు తమని బయట పెట్టుకుని యంత్రాన్ని తిట్టలేదు. 'హావ్ ఎ సిగార్' కంపెనీ మనిషి గొంతుతో రాసిన పాట. దాన్ని పాడింది కూడా వాళ్లు కాదు. వాటర్స్ గొంతు అలిసిపోయి కుదరలేదు, గిల్మోర్ తన వల్ల కాదన్నాడు, ఆబీ రోడ్‌లోనే తన రికార్డింగ్ చేసుకుంటున్న రాయ్ హార్పర్ అనే ఇంకో గాయకుడు వచ్చి పాడాడు. తానే పాడాల్సిందని వాటర్స్ తర్వాత బాధపడ్డాడు. నాకు మాత్రం బయటివాడు పాడటమే సరిగ్గా కుదిరిందనిపిస్తుంది. తమ ఆల్బమ్‌లో ఒక పాట నిండా తామే లేరు.

తప్పు చేసినవాడు ఆ తప్పు గురించి పాడకూడదంటే ఇంకెవరు పాడాలి?

సాయంత్రపు_రేడియో

ఇంతవరకు చదివి ఊరుకుందామనుకున్నాను. ఊరుకోలేకపోతున్నాను.

మా అన్నయ్య బాగా చదివేవాడు. ఈ ఆల్బమ్ నాకు పరిచయం చేసింది వాడే, ఈ మూల ఇలా కూర్చో, ఇప్పుడు విను అని. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు మాట తగ్గిపోయింది. తర్వాత ఫోన్లు ఎత్తలేదు. తర్వాత ఎక్కడున్నాడో తెలియలేదు. మూడేళ్లకి వస్తున్నానని కబురు పెడితే విజయవాడ స్టేషన్‌కి వెళ్లాను. రైలు ఆగింది, జనం దిగారు, ప్లాట్‌ఫాం ఖాళీ అయింది. రాలేదనుకుని వెనక్కి తిరిగాను. నీళ్ల కుళాయి దగ్గర నిలబడ్డ ఒకాయన పక్కనుంచి రెండుసార్లు నడిచాను. మూడోసారి నడుస్తుంటే "బుజ్జీ" అన్నాడు.

మా అమ్మ పెట్టిన ఆ పేరు వాడు పిలవకపోతే నేను ఇంటికెళ్లిపోయేదాన్ని.

స్టూడియోలో సిడ్‌ని గుర్తుపట్టలేదన్న సంగతి నేను చదివింది ఆ తర్వాతే. అంతకుముందు ఈ ఆల్బమ్ నాకు బాగా నచ్చిన ఆల్బమ్. చదివాక దాదాపు ఏడాది పెట్టుకోలేకపోయాను. అడ్డ_ప్రశ్న గారూ, వాళ్లు పాట అమ్ముకున్నారో లేదో నాకు తెలియదు. ఎదురుగా ఉన్న మనిషిని గుర్తుపట్టలేని ఆ క్షణం మాత్రం తెలుసు. అది జీవితాంతం దిగదు. ఎంత డబ్బొచ్చినా దిగదు.

కాబట్టి కథ చెప్పాలనే నేనంటాను. కానీ మనం చెప్పే తీరు మారాలి. పిచ్చివాడైపోయిన మేధావి, గుండు, కనుబొమ్మలు, అక్కడితో కథ ఆపేస్తాం. అతనికి వచ్చిన జబ్బేమిటో దూరంనుంచి మనమే తేల్చేస్తాం. వాళ్ల కథలో అతను స్టూడియోకి వచ్చి వెళ్లిపోయిన ఒక్క రోజు. అతని కథలో ఆ తర్వాత ఇంకా 31 ఏళ్లున్నాయి. కేంబ్రిడ్జ్‌లో ఉన్నాడు. సిడ్ అన్న పేరు వదిలేసి తల్లిదండ్రులు పెట్టిన రోజర్ పేరుతోనే ఉన్నాడు. బొమ్మలు వేసుకున్నాడు, తోట పెంచుకున్నాడు. 2006 జూలైలో పోయాడు. ఆ తోట గురించి ఎవరూ పాట రాయలేదు.

మా అన్నయ్య ఇప్పుడు మాతోనే ఉంటాడు. పొద్దున్నే మొక్కలకి నీళ్లు పోస్తాడు. ఈ ఆల్బమ్ మాత్రం వాడు పెట్టమనడు, నేను పెట్టను.

కాజీపేట_ప్యాసింజర్

అక్కా, మీ అన్నకు నా దండాలు.

అడ్డ_ప్రశ్న

నా మాటలో 'అమ్ముకున్నారు' అన్న అర్థం వచ్చింది, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. చేదు మాత్రం పూర్తిగా పోలేదు, అది దాచను.

పాత_టేపు

నా దీపం పోలిక నిలబడలేదు, కాజీపేట అన్న పోస్టు చదివిన రాత్రే తెలిసిపోయింది. తెలియని ఇంట్లో దీపం చూసినా ఎవరికి వాళ్ల ఇంటి ఫోటో కనబడుతుంది. అది తప్పు కాదు. బుజ్జి గారూ (అలా పిలవొచ్చో లేదో, క్షమించండి), నేను మావాడికి చెప్పబోయింది కూడా ఆ గుండు, కనుబొమ్మల కథే. వాడు ఆపడం మంచిదైంది.

అయినా ఒక్కచోట నా పట్టు విడవలేకపోతున్నాను. నిన్న మళ్లీ ఒక్కణ్నే కూర్చుని చివరి ముక్క విన్నాను. 'షైన్ ఆన్'లో ఆఖరిదైన తొమ్మిదో భాగం రైట్ ఒక్కడి పేరు మీదే ఉంది. శవయాత్ర నడకలా మెల్లగా సాగి, ఇక అయిపోతోంది, శబ్దం తగ్గిపోతోంది అనుకునేలోపు కీబోర్డు మీద చిన్న వరస ఒకటి వినిపిస్తుంది. మూడు నాలుగు సెకన్లు. అది 'సీ ఎమిలీ ప్లే' పాటలోది, 1967లో సిడ్ రాసి పాడిన పాట. తెలియకపోతే అది అందంగా కరిగిపోయే వరస, అంతే. తెలిస్తే, వెళ్లేముందు స్నేహితుడి పేరు మెల్లగా పలికినట్టు. చెప్పకుండా వదిలేస్తే వినేవాడు ఆ పిలుపు పోగొట్టుకుంటాడు కదా అని నా బాధ.

ఇదంతా రాస్తుండగానే మేనల్లుడి నుంచి మెసేజ్ వచ్చింది. గిటార్ మీద చివరి భాగం పట్టుకోవడానికి కూర్చున్నాడట. "మామయ్యా, ఆఖర్న ఒక ట్యూన్ వస్తుంది, మిగతా ఆల్బమ్‌లో ఎక్కడా లేదు. ఎక్కడిది అది?" అని. ఇంకా జవాబివ్వలేదు. ఎంతవరకు చెప్పమంటారు?

సాయంత్రపు_రేడియో

బుజ్జి అనే పిలవండి, పర్లేదు.

ఏమీ చెప్పకండి. 'సీ ఎమిలీ ప్లే' పంపించండి. మూడు నిమిషాలు కూడా ఉండదు. ఆ పాడుతున్న కుర్రాడెవరని అడిగితే, అప్పుడు తోట దాకా చెప్పండి.